ఫోను దాచిపెడితే గేమ్ మానుతాడా?



ఈ మధ్య మా ఓపీకి తలనొప్పి, కళ్లమంట, నిద్ర పట్టడం లేదని పిల్లలను తీసుకొని వస్తున్నారు. కాసేపు కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. రాత్రి రెండింటి దాకా ఫోన్లో గేమ్. లాక్కుంటే గలాటా, అన్నం మానేయడం.

గేమ్ ఆడే ప్రతి పిల్లవాడూ రోగి కాడని ముందే చెబుతున్నాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుండి అమలులోకి తెచ్చిన వ్యాధుల జాబితాలో ‘గేమింగ్ డిజార్డర్’ ఉన్న మాట నిజమే. ఆట మీద అదుపు తప్పడం, చదువు, తిండి, నిద్ర కంటే ఆటే ముఖ్యం కావడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం – ఈ మూడూ సాధారణంగా ఏడాది పాటు ఉంటేనే ఆ పేరు పెడతారు. చాలామంది పిల్లలు ఆ గీతకు ఇవతలే ఉంటారు.

గుర్తులు మార్చి ఒక కుటుంబం సంగతి చెబుతాము. వానలు లేక వేరుశనగ పోవడంతో అమ్మానాన్నలు బెంగళూరుకు బేల్దారి పనికి వెళ్లారు. తొమ్మిదో తరగతి అబ్బాయి అవ్వ దగ్గర ఉన్నాడు. 2020లో బడులు మూసినప్పుడు ఆన్‌లైన్ క్లాసుల కోసం అప్పు చేసి కొన్న ఫోను ఇంట్లోనే ఉంది. గేమ్ ఎక్కువైందని అవ్వ దాన్ని బియ్యం డబ్బాలో దాచింది. అబ్బాయి స్నేహితుడి ఇంటికి పోయి ఆడసాగాడు. “ఫోను దాచిపెడితి సామీ, ఇప్పుడు వాడే కనపడకుండా పోతాండాడు” అని ఆమె బాధ.

అబ్బాయిని విడిగా అడిగాము. “మేము నలుగురం ఒక జట్టు సార్. నడుమ నేను లేస్తే వాళ్లు ఓడిపోతారు. మళ్లీ నన్ను చేర్చుకోరు” అన్నాడు. పెద్దలకు తెలియనిది ఇదే. బీజీఎంఐ వంటి ఆటల్లో వందమంది దాకా దిగుతారు, నలుగురేసి జట్లు కడతారు. ఒక్కో ఆట అరగంట దాకా సాగుతుంది, మధ్యలో ఆపి తర్వాత కొనసాగించే వీలు లేదు. “ఇప్పుడే ఆపు” అనే మాట వాడి చెవికి “స్నేహితులను వదిలేసి రా” అన్నట్టు వినిపిస్తుంది. ఆట మొదలుకాక ముందే “ఇదే చివరిది” అని ఒప్పించుకుంటే సగం గొడవ తగ్గుతుంది. (ప్రభుత్వం 2020 సెప్టెంబరులో పబ్‌జీని నిషేధించినప్పుడు కూడా పిల్లలు అదే జట్టుతో వేరే ఆటకు మారారు!)

మరి ఇంటి సంగతి? నాన్న ఆదివారం ఫోన్ చేసి, “చదువుతున్నావా? గేమ్ ఆడటం లేదు కదా?” అంటాడు. అబ్బాయి “ఊఁ” అంటాడు. మాట అయిపోతుంది. పిల్లవాడు ఎవరితో తిరుగుతున్నాడో తెలిసి, కోపం లేకుండా మాట్లాడే ఇళ్లలో ఈ సమస్య తక్కువని పలు దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. కొట్టడం, తిట్టడం ఎక్కువైన చోట, లేదా నాన్న వద్దన్నది అవ్వ చాటుగా ఇచ్చే చోట ఎక్కువ. అలాగని తప్పంతా తల్లిదండ్రులదే అనడం లేదు. బడిలో వెక్కిరింపులు పడేవాడు, లోపల దిగులుతో ఉన్నవాడు గేమ్‌లోకి పారిపోతాడు. వాడు పారిపోయే కొద్దీ ఇంట్లో కోపం పెరుగుతుంది.

ఆ కుటుంబానికి మేము రెండు పనులు చెప్పాము. నాన్న రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేయాలి, మార్కుల మాట ఎత్తకూడదు. ఆ గేమ్ ఏమిటో కొడుకు చేతే చెప్పించుకోవాలి. రెండవది, ఆ నలుగురు పిల్లల ఇళ్లవాళ్లూ కలిసి ఒకే వేళ పెట్టుకోవాలి. ఒక్కడినే ఆపితే వాడు ఒంటరివాడవుతాడు, నలుగురూ ఒకేసారి ఆపితే ఎవరికీ చిన్నతనం ఉండదు.

పూర్తిగా మానలేదు. సాయంత్రం ఆ నలుగురే క్రికెట్‌కు పోతున్నారు. తొమ్మిదిన్నరకు ఫోను అవ్వ తలగడ కిందికి చేరుతోంది, కొన్ని రోజులు చేరడం లేదు కూడా.

పిల్లవాడు బడి మానేసినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా ఆలస్యం చేయకండి. చచ్చిపోతానని అంటే బెదిరింపు అనుకోకండి, ఒంటరిగా వదలకుండా వెంటనే తీసుకురండి. టెలి మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014లోనే ఇలాంటి సమస్యల కోసం ‘షట్’ క్లినిక్ మొదలైంది. మా దగ్గరకు వచ్చేటప్పుడు పిల్లవాడిని ఒక్కడినే పంపకండి. నాన్న పనికి వెళ్లి ఊళ్లో లేకపోతే ఆ గంట ఫోన్‌లో దొరికినా చాలు.