ముందే పట్టుకుంటే చాలా?

అక్టోబర్ వచ్చిందంటే నగరాలు గులాబీ రంగు పులుముకుంటాయి. అవగాహన నడకలు, రిబ్బన్లు, వాటితో పాటు మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) ప్యాకేజీల మీద రాయితీలు. రోగాన్ని ఎంత ముందు పట్టుకుంటే అంత మేలన్నది ఈ ప్రచారం మొత్తానికి మూలసూత్రం. రొమ్ము క్యాన్సర్ విషయంలో ఆ మాట సగమే నిజం. మిగతా సగం మీద పాశ్చాత్య దేశాల్లో దశాబ్దాలుగా వాదం నడుస్తున్నా, మన హోర్డింగుల మీద దానికి చోటు దొరకలేదు.

మామోగ్రామ్‌కు బలం లేదని కాదు. స్వీడన్‌లో 1977లో మొదలైన రెండు జిల్లాల ప్రయోగం, పరీక్షకు పిలిచిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని 1985లో ప్రకటించింది. ధనిక దేశాల పథకాలకు ఊపునిచ్చింది అలాంటి ఫలితాలే. బ్రిటన్‌లో మైకేల్ మార్మట్ నేతృత్వంలోని స్వతంత్ర నిపుణుల బృందం 2012లో అప్పటి దాకా జరిగిన ప్రయోగాలన్నిటినీ తిరగేసి తగ్గుదల సుమారు 20 శాతమని తేల్చింది. అయితే శాతాలు కళ్లు చెదరగొడతాయి. తలల లెక్కలోకి దిగితే బొమ్మ మారుతుంది. ఆ బృందం లెక్కలో, 50 ఏళ్ల వయసు నుంచి 20 ఏళ్ల పాటు 10,000 మందిని పిలిస్తే 43 మరణాలు తప్పుతాయి. అదే 10,000 మందిలో 129 మందికి, ఎప్పటికీ హాని చేయని క్యాన్సర్ బయటపడి, చికిత్స జరుగుతుంది. అంటే ఒక ప్రాణం నిలిచిన చోట ముగ్గురు అక్కర్లేని కత్తి కిందికో రేడియేషన్ కిందికో వెళ్తారు. ఆ ముగ్గురూ ఎవరో ఏ డాక్టరూ వేలు పెట్టి చూపలేడు. వాళ్లు కూడా బతికి బయటపడ్డవాళ్లుగానే వచ్చే ఏడు అక్టోబర్ సభలో సన్మానం అందుకుంటారు. పరీక్షను విమర్శించడం ఇంత కష్టం కావడానికి అదే కారణమనుకుంటాను.

పరీక్ష వచ్చాక అయిదేళ్లు బతికేవాళ్లు పెరిగారు కదా అని అడుగుతారు. 62వ ఏట చనిపోయే స్త్రీకి 58లో రోగం తెలిస్తే నాలుగేళ్లు బతికినట్టు, 55లోనే తెలిస్తే ఏడేళ్లు బతికినట్టు లెక్కకు వస్తుంది. ఆయుష్షు ఒక్క రోజూ పెరగకుండానే పట్టిక మెరుగవుతుంది. అందుకే ఈ వాదంలో పనికొచ్చే కొలమానం మరణాల సంఖ్య ఒక్కటే. కెనడాలో సుమారు 90,000 మందిని 25 ఏళ్లు గమనించిన అధ్యయనం 2014లో మామోగ్రామ్ వల్ల ఆ సంఖ్యలో తేడా ఏమీ లేదంది. అక్కడి యంత్రాల నాణ్యత బాగాలేదని, స్త్రీలను రెండు గుంపులుగా విడదీసిన తీరు సరికాదని ప్రత్యర్థులు కొట్టిపారేశారు. అమెరికా నిపుణుల సంఘం 2009లో మామోగ్రామ్‌లు 50 ఏళ్ల నుంచి మొదలుపెడితే చాలంది. 2024లో మళ్లీ 40కి దిగి, రెండేళ్లకోసారి చేయించుకోమంది. నలభైల్లో కేసులు పెరగడం దానికొక కారణం. అక్కడ స్థిరపడ్డ తెలుగు స్త్రీలకు ఆ సలహా వర్తిస్తుంది.

దాన్ని యథాతథంగా విజయవాడకో వరంగల్‌కో తెచ్చుకోవడంలోనే చిక్కు ఉంది. జనాభాతో పోల్చి చూస్తే మన దగ్గర రొమ్ము క్యాన్సర్ అమెరికా కంటే చాలా తక్కువ. రోగం అరుదైన కొద్దీ అదే పరీక్ష ఎక్కువ ఉత్తుత్తి భయాలు పుట్టిస్తుంది. మనవాళ్లకు చిన్న వయసులోనే వస్తోంది కాబట్టి ఇంకా ముందే మొదలుపెట్టాలనే వాదన తరచూ వినిపిస్తుంది. నిజానికి మన జనాభాలోనే చిన్న వయసువాళ్లు ఎక్కువ, అందుకే రోగుల్లోనూ ఎక్కువగా కనిపిస్తారు. 35 ఏళ్ల స్త్రీకి ఉన్న ముప్పు 55 ఏళ్ల స్త్రీకున్న దానికంటే ఇక్కడా తక్కువే. పైగా ఆ వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉండి ఫిల్మ్ మీద తెల్లగా పడుతుంది, కణితీ తెల్లగానే పడుతుంది. సున్నం వేసిన గోడ మీద సుద్దగీత వెతికినట్టు.

మనకు అంతకంటే దగ్గరి సాక్ష్యం ముంబయిలో ఉంది. టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998 నుంచి అక్కడి మురికివాడల్లో 35 నుంచి 64 ఏళ్ల మధ్యనున్న 1,50,000 మందికి పైగా స్త్రీలతో ఒక ప్రయోగం నడిపింది. వారిలో సగం మందికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తోనే రొమ్ములు పరీక్షించారు. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం 50 దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అన్ని వయసులూ కలిపితే తగ్గుదల 15 శాతమే, అది యాదృచ్ఛికం కాదని గణాంకాలు గట్టిగా చెప్పలేవు. ఈ లోటును దాచి చేతి పరీక్షను ఆకాశానికెత్తడం కూడా హోర్డింగు పనే అవుతుంది. ఎవరికి వారు తడిమి చూసుకోవడమైతే షాంఘై బట్టల మిల్లుల్లో 2,66,000 మంది కార్మికురాళ్లతో జరిగిన ప్రయోగంలో మరణాలను తగ్గించలేకపోయింది.

ధనవంతులకు యంత్రం, పేదలకు చెయ్యా అని ఒక అభ్యంతరం. న్యాయమైన కోపమే. కానీ 30 దాటిన స్త్రీలకు అయిదేళ్లకోసారి చేతి పరీక్ష చేయాలని కేంద్రం 2016లో మార్గదర్శకాలిచ్చాక కూడా, అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30–49 ఏళ్ల వారిలో ఒక్కసారైనా అది చేయించుకున్నవారు ఒక్క శాతం లోపే. చేయి కూడా అందని చోట యంత్రం గురించి వాదన తొందరపాటు. గడ్డ తగిలినవారి సంగతి, దగ్గరి రక్తసంబంధీకుల్లో ఈ జబ్బు ఉన్నవారి సంగతి వేరు. మొదటివారికి మామోగ్రామ్, ముక్క పరీక్ష (బయాప్సీ) ఆలస్యం లేకుండా జరగాలి; రెండోవారు ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరుతో విడిగా తేల్చుకోవాలి. మన దేశంలో సగానికి పైగా రోగులు మూడో, నాలుగో దశలో ఆసుపత్రి చేరుతున్నారు. వాళ్లలో చాలామందికి గడ్డ తెలియక కాదు, తెలిశాక నెలలు గడిచాయి: చెప్పుకోవడానికి సిగ్గు, కూలి పోతుందన్న బెంగ, హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి దాకా బస్సు ఛార్జీ. పరీక్షల శిబిరంలో ఎంతమందిని చూశారన్న లెక్క మర్నాడు పత్రికల్లో వస్తుంది. వాళ్లలో ఎంతమందికి ముక్క పరీక్ష జరిగింది, ఎన్ని వారాలకు జరిగింది, ఎంతమంది కీమో చివరి విడత దాకా రాగలిగారు అన్న లెక్క మాత్రం రాదు.