పండు వాసన, పువ్వు వాసన: సెంటును పరీక్షించడం ఎట్లా?

దుకాణంలో సెంటు సీసా మూత తీసి, ఒక్కసారి వాసన చూచి, బాగున్నదనుకొని కొనేవారే ఎక్కువ. మరునాడు దానిని పూసుకొన్న రెండు గంటలకు అది వేరొక వాసనగా మారినట్లు తోస్తుంది. దుకాణదారు మోసం చేశాడేమోనన్న అనుమానం కలుగుతుంది. చాలా సందర్భాలలో మోసమేమీ ఉండదు. సీసాలో ఉన్నది ఒకే వాసన కాదు. వేరువేరు వేగాలతో గాలిలో కలిసిపోయే అనేక పదార్థాల మిశ్రమం అది. కొన్నవారు వాసన చూచినది వాటిలో ముందుగా ఎగిరిపోయేవాటిని మాత్రమే.

పండ్ల వాసనను, పువ్వుల వాసనను కలిపి స్త్రీల కోసం కూర్చే సెంట్లలో ఈ సంగతి మరీ స్పష్టంగా కనబడుతుంది. 1999లో ఫ్రాన్సులోని డియోర్ సంస్థ వెలువరించిన ‘జాదోర్’ ఈ జాతిలో పేరు పొందినది. దానిని కూర్చినది కాలీస్ బెకర్ అనే సుగంధ నిపుణురాలు. చర్మం మీద చల్లినప్పుడు మొదట బేరిపండు, ఖర్బూజా వంటి రసం నిండిన పండ్లు స్ఫురిస్తాయి. కొంతసేపటికి మల్లె, గులాబీ వంటి పువ్వులు ముందుకు వస్తాయి. చివరకు మిగిలేది కస్తూరిని పోలిన మెత్తని వాసన.

సీసా మీద బేరిపండు పేరు ఉన్నంతమాత్రాన లోపల బేరిపండు రసం ఉన్నదనుకోరాదు. నిమ్మ, నారింజల సంగతి వేరు. వాటి తొక్కలో నూనె తిత్తులు ఉన్నాయి. తొక్కను దీపం దగ్గర వంచి నొక్కితే ఆ తుంపరలు చిటపటమని మండడం పిల్లలందరూ ఎరిగినదే. బేరి, ఆపిలు, పీచ్ పండ్లలో నీరు, చక్కెర తప్ప తీయదగినంత సుగంధ తైలం లేదు. కాబట్టి ఆ వాసనలను రసాయన శాస్త్రజ్ఞుడు కట్టి ఇవ్వవలసిందే.

అందుకు మొదటి సాధనం ఎస్టరు. ఒక ఆమ్లం, ఒక ఆల్కహాలు కలిసి నీటిని విడిచినప్పుడు ఎస్టరు ఏర్పడుతుందని ఉన్నత పాఠశాల విద్యార్థులు చదువుకొనే ఉంటారు. ఇథైల్ బ్యూటిరేటు అనాసపండును తలపిస్తుంది. హెక్సైల్ ఎసిటేటు ఆపిలును, బేరిని తలపిస్తుంది. ఐసో అమైల్ ఎసిటేటుది అచ్చంగా అరటిపండు వాసన. ఈ మూడవదానిని ఉపాధ్యాయుడు తరగతిలోనే తయారుచేసి చూపవచ్చు. ఐసో అమైల్ ఆల్కహాలును, ఎసిటికామ్లాన్ని పరీక్షనాళికలో కలిపి, గాఢ గంధకికామ్లం కొన్ని చుక్కలు వేసి, వేడినీటి పాత్రలో ఉంచితే చాలు. నేరుగా మంట మీద పెట్టకూడదు. తయారైన ద్రవాన్ని చర్మానికి తగలనీయకూడదు. నాళికకు ముక్కు ఆనించక, చేతితో గాలిని తమవైపు విసురుకొని వాసన చూడవలెను. తేనెటీగ కుట్టినప్పుడు తోటి ఈగలను హెచ్చరించడానికి విడిచే వాసనలో ముఖ్యమైన పదార్థం కూడా ఇదే. ఒకే అణువు మనిషికి ఫలాహారం, ఈగకు యుద్ధభేరి!

పీచ్ పండు వాసన కథ ఇంకా విచిత్రమైనది. 1908లో రష్యా దేశపు శాస్త్రజ్ఞులు తయారుచేసిన గామా అండెకాలాక్టోన్ అనే పదార్థం పీచ్ పండును అద్భుతంగా పోలి ఉన్నది. జాక్ గెర్లాన్ 1919లో ‘మిత్సుకో’ అనే సెంటులో దానిని వాడి కీర్తి గడించాడు. వర్తకులు దానిని నేటికీ ‘ఆల్డిహైడు సి-14’ అంటారు. నిజానికి అది ఆల్డిహైడు కాదు, అందులో ఉన్న కర్బన పరమాణువులు పద్నాలుగూ కావు, పదకొండే. తమ రహస్యం పోటీదారులకు అందకుండా ఉండడానికి పాతకాలపు వ్యాపారులు ఇట్టి పేర్లు పెట్టేవారు.

పువ్వుల విషయంలో ప్రకృతి కొంత దయ చూపింది. గులాబీని నీటి ఆవిరితో బట్టీ పెట్టి తైలం తీయవచ్చు. మల్లెజాతి పువ్వులు ఆ వేడికి తట్టుకోలేవు. వెనుక ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణంలో అద్దాల మీద కొవ్వు పూసి, దానిమీద పువ్వులు పరచి, ఆ కొవ్వు వాసనను పీల్చుకొన్న తరువాత ఆల్కహాలుతో కడిగి తీసేవారు. తరువాత హెక్సేను వంటి ద్రావకాలు వాడుకలోకి వచ్చాయి. మల్లె, జాజి పువ్వుల సారంలో ముఖ్యమైన వాటిలో బెంజైల్ ఎసిటేటు ఒకటి. ఇది కూడా ఎస్టరే. విడిగా వాసన చూస్తే సగం పువ్వుగా, సగం పండుగా ఉంటుంది. పండుకూ పువ్వుకూ మధ్య మనం గీచిన గీతను ప్రకృతి పాటించడం లేదన్నమాట.

గులాబీ దీనికి ఇంకా గట్టి సాక్ష్యం. బల్గేరియా గులాబీ తైలంలో బీటా డమాసినోన్ అనే పదార్థం ఉన్నదని 1970లో స్విట్జర్లండ్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. తైలంలో దాని పాలు సుమారు 0.14 శాతం మాత్రమే. సిట్రొనెల్లాల్ అనే మరో పదార్థం 38 శాతం దాకా ఉంటుంది. అయినా నీటిలో వంద కోట్ల పాళ్లకు 0.009 పాలు డమాసినోన్ ఉంటే చాలు, ముక్కు పసికడుతుంది; సిట్రొనెల్లాల్ అయితే 40 పాళ్లు కావాలి. కనుక తూకానికి లెక్కలేని ఈ పదార్థమే గులాబీకి ప్రాణం పోస్తున్నది. ఇదే పదార్థం ఆపిలులోనూ, ద్రాక్షలోనూ ఉన్నది. పండ్ల వాసన గులాబీతో అంత చక్కగా కలవడంలో ఆశ్చర్యమేమున్నది?

ఇక పూసుకొన్న తరువాత వరుసగా ఏమి జరుగుతుంది? మొదట కరిగించే ఆల్కహాలు ఎగిరిపోతుంది. ఆ వెంటనే తేలిక ఎస్టర్లు పోతాయి. ఇథైల్ బ్యూటిరేటు అణుభారం 116, మరిగే ఉష్ణోగ్రత సుమారు 121 డిగ్రీలు. బెంజైల్ ఎసిటేటు అణుభారం 150. అది సుమారు 212 డిగ్రీల వద్ద మరుగుతుంది. పీచ్ లాక్టోన్ అణుభారం 184. కృత్రిమ కస్తూరులలో ఎక్కువగా వాడే గెలక్సొలైడుది 258. బరువు పెరిగినకొద్దీ ఆగే కాలం పెరుగుతుంది. అయితే బరువే సర్వస్వం కాదు. నారింజ తొక్కలోని లిమొనీను అణుభారం 136. అది 176 డిగ్రీల దగ్గర మరుగుతుంది. గులాబీలోని ఫినైల్ ఇథైల్ ఆల్కహాలు 122 భారమే అయినా 219 డిగ్రీల దాకా మరగదు. దానిలోని హైడ్రాక్సిల్ సమూహాలు ఉదజని బంధాలతో ఒకదానినొకటి పట్టుకొని ఉండడమే కారణం.

అందువల్ల దుకాణంలో ఉల్లాసం కలిగించే పండ్ల వాసన, స్వభావం చేతనే నిలవనిది. దానిని నిలపడానికి పీచ్ లాక్టోన్, డమాసినోన్ వంటి బరువైన పండ్ల వాసనలను అడుగున చేరుస్తారు. ఒక సెంటు బాగా కూర్చినదా కాదా అన్నది ఇక్కడే తేలుతుంది. తేలిక పండ్లు పోయినప్పుడు పువ్వులు ఖాళీని పూరించాలి. మధ్యలో వాసన తెగిపోయి, ఉత్త తీపి మాత్రమే మిగిలితే అది నాసిరకమనే చెప్పాలి, సీసా ఎంత అందమైనదైనా సరే.

పరీక్షించేవారు ముందు సన్నని అద్దుడు కాగితం ముక్కమీద చల్లి, ఆల్కహాలు పోయేదాకా ఒక నిమిషం ఆగవలెను. నచ్చితే రెండవసారి ముంజేతి మీద చల్లుకొని, సీసా కొనకుండానే ఇంటికి పోవలెను. పదిహేను నిమిషాలకు, రెండు గంటలకు, ఆరు గంటలకు తోచినది కాగితం మీద వ్రాసుకోవడం మంచిది. ఒక పూటకు మూడింటికి మించి పరీక్షించకూడదు. ఋతువునూ గమనించాలి. చల్లబరచిన దుకాణంలో 24 డిగ్రీల వద్ద ఉన్న కాగితం, బయట 40 డిగ్రీల ఎండలోకి వస్తే ఇట్టి ద్రవాల బాష్పపీడనం సుమారు మూడు రెట్లు అవుతుంది. విజయవాడ వేసవిలో ఫ్రెంచి సెంటు త్వరగా తరిగిపోవడానికి ఇదొక కారణం.

రెండు గంటల తరువాత తమ సెంటు తమకే తెలియడం లేదని కొందరు మళ్లీ చల్లుకొంటారు. అది సాధారణంగా ముక్కు అలవాటు పడినందువల్ల కలిగే భ్రమ. పక్కన కూర్చున్నవారికి వాసన బాగానే తెలుస్తూ ఉంటుంది. కొంతసేపు ఆరుబయట తిరిగివచ్చి చూస్తే నిజం బయటపడుతుంది.

ముక్కులన్నీ ఒకటి కావన్నది మరొక చిక్కు. వాసనలను గుర్తించే గ్రాహకాల జన్యువులను లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో వెల్లడించి, 2004లో నోబెల్ బహుమతి పొందారు. మనిషిలో పనిచేసే గ్రాహకాలు సుమారు 400 రకాలు. వాటిలో ఒక్క జన్యువులోని తేడా వల్ల, వయొలెట్ పువ్వును పోలిన బీటా అయొనోన్ కొందరికి పరిమళంగా, మరికొందరికి పులిసిన వాసనగా తోస్తుందని 2013లో ప్రచురించిన పరిశోధన తెలిపింది. ఈ పదార్థం పండ్ల-పువ్వుల సెంట్లలో తరచుగా వాడేదే. కనుక అక్క మెచ్చిన సెంటు చెల్లెలికి నచ్చకపోతే ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడినట్లు కాదు.

చర్మం సంగతి మరచిపోరాదు. బెర్గమోట్ అనే పుల్లనారింజ జాతి పండు తైలంలోని బెర్గాప్టెన్, ఎండ తగిలినప్పుడు చర్మం మీద నల్లని మచ్చలు కలిగించగలదు. అందుచేత దానిని తొలగించిన తైలం వాడడం మేలు. పువ్వుల సెంట్లలో విరివిగా కలిపిన లిలియాల్ అనే పదార్థాన్ని ఐరోపా సమాఖ్య 2022 మార్చి 1 నుంచి సౌందర్య సాధనాలలో నిషేధించింది. ఇంటిలో చాలాకాలంగా ఉన్న సీసాల మీద ఆ పేరు కోసం చూడవలెను. రసాయన నామం బ్యూటైల్‌ఫినైల్ మిథైల్‌ప్రొపియొనాల్ అని ఉంటుంది. పువ్వుల నూనెలలోని లినలూల్ గాలి తగిలి ఆక్సీకరణం చెందితే దురద, దద్దుర్లు కలిగించే పదార్థాలు పుడతాయి. అందుకే సీసాను బిగువుగా మూసి, వెలుతురు సోకని చల్లని అలమరలో, పొయ్యికీ దీపానికీ దూరంగా ఉంచాలి.