ఒకే కంప్యూటర్‌లో మూడు పోర్షన్లు

రెండేళ్ల క్రితం ఒక ఆదివారం ఇంట్లోని కంప్యూటర్‌లో విండోస్ పక్కనే లినక్స్ కూడా పెడదామని కూర్చున్నాను. మధ్యలో వచ్చిన ప్రశ్నను సరిగా చదవకుండా, డిస్క్ మొత్తం చెరిపేయమన్న చోట నొక్కాను. మా నాన్నగారి షష్టిపూర్తి ఫోటోలు అందులోనే ఉన్నాయి. బంధువుల ఫోన్లలో వెతికితే ఓ పాతిక దొరికాయి. అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ బాధపెట్టింది.

ఈ ఏడాది ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలోకి వచ్చిన మా అమ్మాయి, "నాన్నా, సర్వర్ పనులు ప్రాక్టీసు చేసుకోవడానికి లినక్స్ కావాలి" అంది. ఈసారి వర్చువల్ మెషీన్ల దారి పట్టాను. మన కుటుంబాల్లో ఈ చదువులు చదివే పిల్లలు చాలామంది ఉన్నారు కనుక, నేర్చుకున్నది ఇక్కడ పంచుకుంటున్నాను.

ఏమిటీ వర్చువల్ మెషీన్?

ఒకే ఇంటిని పోర్షన్లుగా చేసి అద్దెకిస్తాం కదా! పునాది ఒకటే, మిద్దె మీద నీళ్ల ట్యాంకు ఒకటే. కానీ ఎవరి తలుపు వారిది, ఎవరి వంటిల్లు వారిది. అలాగే ఒక కంప్యూటర్‌లోని మెమరీ, ప్రాసెసర్, డిస్కులను పంచి, ప్రతి వాటా తానే ఒక పూర్తి కంప్యూటర్‌లా పనిచేసేటట్టు చేయడమే వర్చువలైజేషన్. ఒకదానిలో ఏదైనా చెడిపోతే మిగతావాటి పని మామూలుగానే సాగుతుంది.

ఈ ఆలోచన పాతదే. ఐబీఎం 1972లోనే తన మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్లకు వీఎం/370ను ప్రకటించింది. 2005, 2006లలో ఇంటెల్, ఏఎండీ సంస్థలు ఇందుకు కావలసిన సదుపాయాన్ని మామూలు ప్రాసెసర్లలో చేర్చాయి. 2007లో లినక్స్ కెర్నెల్ 2.6.20తో పాటు కేవీఎం వచ్చింది. ఇది ఓపెన్ సోర్స్. లైసెన్సు రుసుము లేదు.

నేను చేసిన పని

అన్నిటికంటే ముందు ఇంట్లోని ఫైళ్లన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, కేబుల్ తీసేసి, బీరువాలో పెట్టాను. ఆ తర్వాతే 8 జీబీ మెమరీ ఉన్న పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు వేశాను.

కేవీఎం-ఓకే అనే చిన్న పరీక్ష నడిపితే కుదరదని వచ్చింది. కారణం ఏమిటంటే బయోస్ సెట్టింగుల్లో వర్చువలైజేషన్ ఆఫ్‌లో ఉంది. ఆన్ చేయగానే సరిపోయింది. తరువాత మూడు ప్యాకేజీలు వేశాను. క్యూఈఎంయూ ప్రతి మెషీన్‌కూ డిస్కు, నెట్‌వర్క్ కార్డు వంటివి ఉన్నట్టు చూపిస్తుంది. లిబ్‌వర్ట్ అన్నిటి నిర్వహణ చూస్తుంది. వర్ట్-మేనేజర్ మౌస్‌తో పని చేసుకునే తెర ఇస్తుంది. మన యూజర్ పేరును లిబ్‌వర్ట్ గ్రూపులో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. అది మరచిపోయి నేను అరగంట పోగొట్టుకున్నాను.

ఒక్కో మెషీన్‌కు 2 జీబీ మెమరీ, 20 జీబీ డిస్కు ఇచ్చాను. డిస్కు ఫైలు క్యూకౌ2 రకానిదైతే 20 జీబీ ఒకేసారి ఆక్రమించదు, వాడినకొద్దీ పెరుగుతుంది. మెమరీతో మాత్రం జాగ్రత్త. ఆశకొద్దీ నాలుగు మెషీన్లు ఒకేసారి నడిపితే అంతా నత్తనడక పట్టింది. ట్యాంకు నీళ్లన్నీ అద్దెవాళ్లకే ఇస్తే ఇంటి ఓనరుకు ఏం మిగులుతుంది? ఇప్పుడు మూడే నడుపుతున్నాం.

స్నాప్‌షాట్ వేరు, బ్యాకప్ వేరు

మెషీన్ బాగా ఉన్నప్పుడు స్నాప్‌షాట్ తీసుకుంటే, తరువాత ఏం పాడైనా ఆ స్థితికి తిరిగి వెళ్లవచ్చు. మా అమ్మాయి కావాలనే సిస్టమ్ ఫైళ్లు తీసేసి చూసింది. రెండు నిమిషాల్లో మళ్లీ మామూలైంది. పిల్లలు తప్పులు చేస్తూ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

అయితే మామూలుగా ఆ స్నాప్‌షాట్ ఉండేదీ అదే డిస్కు మీద. డిస్కు పోతే పోర్షన్లూ పోతాయి, స్నాప్‌షాట్లూ పోతాయి. బీరువా తాళంచెవిని బీరువాలోనే దాచుకున్నట్టు! అసలైన బ్యాకప్ వేరే డిస్కులో, వీలైతే వేరే చోట ఉండాలి. ఇంకో మాట: ఇది పిల్లల ప్రయోగశాల, ఆఫీసు ఫైళ్లకు ఇందులో చోటు లేదు.

మిగిలిన ఆ పాతిక ఫోటోలు ఇప్పుడు మా బీరువాలో ఒక డిస్కులో, మా చెల్లెలి ఇంట్లో ఇంకో డిస్కులో ఉన్నాయి. ఈ ఆదివారం మీరూ ముందు ఆ పని చేయండి. లినక్స్ సంగతి వచ్చే ఆదివారం చూసుకోవచ్చు.