గడపకొచ్చే మాత్ర.. మానేస్తే ముప్పు

హోసూరు: షుగరు, బీపీ ఉన్నవాళ్లకు నెలనెలా ఒకటే తిప్పలు. మాత్రలు అయిపోతాయి. సర్కారు ఆసుపత్రికి పోవాలంటే బస్సు ఛార్జీ, వరుసలో నిలబడటం, ఆపైన ఆ రోజు కూలి పోవడం. ఒంట్లో నొప్పి లేదు గనుక వచ్చే నెల చూద్దాంలే అని వదిలేస్తుంటారు. ఇలా మాత్రలు మానేస్తే పక్షవాతం, గుండెపోటు, కిడ్నీలు చెడిపోవడం వంటి ముప్పు పెరుగుతుంది.

ఈ తిప్పలు తప్పించేందుకే తమిళనాడు ప్రభుత్వం 'మక్కళై తేడి మరుత్తువం' పథకం తెచ్చింది. ప్రజలను వెతుక్కుంటూ వచ్చే వైద్యం అని దాని అర్థం. 2021 ఆగస్టు 5న ముఖ్యమంత్రి హోదాలో ఎం.కె.స్టాలిన్ దీన్ని ప్రారంభించింది కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. 2024లో ఈ పథకానికి ఐక్యరాజ్యసమితి అవార్డు దక్కింది.

ఊరి అక్కే తొలి మెట్టు

స్వయం సహాయక సంఘాల మహిళలకు శిక్షణ ఇచ్చి ఆరోగ్య వాలంటీర్లుగా నియమించారు. వీరు ఇంటికొచ్చి బీపీ కొలుస్తారు, వేలి నుంచి రక్తపు చుక్క తీసి షుగరు చూస్తారు. ప్రధానంగా 45 ఏళ్లు పైబడినవారు, కదలలేనివారు వీరి జాబితాలో ఉంటారు. ఎక్కువ ఉందని తేలితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపుతారు. జబ్బును నిర్ధారించి మందు రాసేది అక్కడి డాక్టరే. ఆ తర్వాత మాత్రలు ఇంటికి చేరతాయి. మంచాన పడ్డవారికి నర్సు సేవలు, పక్షవాత రోగులకు ఫిజియోథెరపీ కూడా ఇంటివద్దే అందించడం పథకంలో భాగం.

కేంద్ర ప్రభుత్వ నిబంధన ప్రకారం మైదానంలో 5 వేల జనాభాకు ఒక ఉప కేంద్రం, 30 వేలకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. కొండ ప్రాంతాల్లో ఈ లెక్క 3 వేలు, 20 వేలు.

చీటీ చదవలేకపోతే..

హోసూరు, బాగలూరు, బేరికె, శూళగిరి, వేపనపల్లి వైపు ఇంట్లో తెలుగు మాట్లాడే పెద్దలు ఎందరో. మందుల చీటీ తమిళంలోనో, ఇంగ్లీషులోనో ఉంటే వారికి చిక్కే. ఏ మాత్ర పొద్దున, ఏది రాత్రి, తిండికి ముందా తర్వాతా అన్నది వాలంటీరు ఉండగానే అడిగి తెలుసుకోవాలి. మనవళ్లకూ తెలుగు రాయడం రాకపోతే కవరుపై సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేయించుకున్నా చాలు. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు ఒకే పొట్లంలో కలపొద్దు.

తాళం పడ్డ ఇల్లు

తెల్లారకుండానే బెంగళూరుకు పనికెళ్లి రాత్రికి వచ్చేవాళ్లు వాలంటీరుకు దొరకడం కష్టం. ఇలాంటివారు ఉప కేంద్రానికి వెళ్లి పేరు, ఇంట్లో ఉండే వేళ చెప్పి రావాలి. నెలల తరబడి వలస వెళ్లేవారు బయల్దేరే ముందే మాత్రలు అడిగి తీసుకుని, పాత చీటీ వెంట ఉంచుకోవాలి. అక్కడి డాక్టరుకు అదే ఆధారం.

మాత్రలు ఇంటికొస్తున్నాయని డాక్టరును మరవకూడదు. షుగరున్నవారు కళ్లు, పాదాలు, కిడ్నీల పరీక్షలు ఏడాదికోసారైనా చేయించుకోవాలి. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పట్టు తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా వాలంటీరు కోసం ఎదురుచూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.