మామునూరు విమానాశ్రయం

మామునూరు విమానాశ్రయం తెలంగాణలోని వరంగల్లు నగర సమీపాన, ఖమ్మం వెళ్ళే దారిలో ఉన్న పాత విమానాశ్రయం. 1948లో హైదరాబాదు సంస్థానానికి రహస్యంగా ఆయుధాలు చేరిన స్థావరాలలో ఇది ఒకటి. ఆ కారణంగానే భారత వైమానిక దళపు దాడికి గురైనది. 1981లో మూతపడినది.

తొలి చరిత్ర

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, 1930లో దీనిని నిర్మించారు. ఆజంజాహి మిల్లు, కాగజ్‌నగర్ కాగితపు మిల్లు వంటి పరిశ్రమల రాకపోకలకు ఇది ఉపయోగపడినది.

ఆయుధాల రవాణా

హైదరాబాదు సంస్థానానికి సముద్రతీరం లేదు. నాలుగు వైపులా భారత భూభాగమే. 1947 నవంబరు 29న యథాతథ ఒడంబడిక కుదిరినప్పటికీ విలీనం సంగతి తేలలేదు. 1948లో భారత ప్రభుత్వం ఆర్థిక దిగ్బంధం విధించగా, నిజాం ప్రభుత్వానికి ఆకాశమార్గమొక్కటే మిగిలినది. ఆస్ట్రేలియాకు చెందిన వైమానికుడు సిడ్నీ కాటన్ లాంకాస్ట్రియన్ విమానాలలో కరాచీ నుండి బీదరు, వరంగల్లు విమానాశ్రయాలకు ఆయుధాలు చేరవేసినాడు.

1948 సెప్టెంబరు యుద్ధం

సెప్టెంబరు 13న పోలీసు చర్య మొదలైనది. సంస్థానానికి యుద్ధ విమానాలు లేవు. అందువలన ఈ మైదానాలు సరఫరాకు ద్వారాలే గాని రక్షణకు పనికిరాలేదు. ద్వారం మూయుటకు పూనా నుండి వచ్చిన టెంపెస్ట్ విమానాలు వరంగల్లు, బీదరు విమానాశ్రయాలపై బాంబులు వేసినవి.

భూమార్గాన ప్రధాన సేన షోలాపూరు నుండి రాగా, మేజర్ జనరల్ ఎ.ఎ.రుద్ర నాయకత్వంలో మరొక దళం బెజవాడ నుండి బయలుదేరినది. ఆ దళం మొదటిరోజు ఉదయానికే కోదాడ, మధ్యాహ్నానికి మునగాల చేరినది. మామునూరుకు దక్షిణంగా సుమారు 85 కిలోమీటర్ల వాయుదూరంలో ఉన్న సూర్యాపేట మరునాడు వశమైనది. అక్కడ కూడా ముందుగా వైమానిక దాడులు జరిగినవి. వెనుదిరిగిన సంస్థాన సైన్యం మూసీ వంతెనను పేల్చివేసినది. కాని దానికి కాపలాగా కాల్పులు జరుపకపోవుటచే భారత సైనికులు త్వరగానే మరమ్మతు చేసుకొన్నారు. సెప్టెంబరు 18న సంస్థాన సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్.చౌదరికి లొంగిపోయినాడు.

మూసివేత, పునరుద్ధరణ

1981 తరువాత ఇక్కడి నుండి ప్రయాణికుల విమానాలు నడువలేదు. శంషాబాదు విమానాశ్రయ ఒప్పందంలో, దానికి 150 కిలోమీటర్ల లోపల 25 సంవత్సరాల వరకు మరొక విమానాశ్రయం ఉండరాదనే నిబంధన పునరుద్ధరణకు ప్రధాన ఆటంకమైనది. నిర్వాహక సంస్థ అంగీకరించిన పిమ్మట 2025 ఫిబ్రవరిలో కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతి ఇచ్చినది.

విమానాశ్రయ ప్రాధికార సంస్థ అధీనంలో 696 ఎకరాలున్నవి. రన్‌వేను 2,800 మీటర్లకు పొడిగించుటకు మరో 253 ఎకరాలు అవసరమని నిర్ణయించి, ఇందుకు రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో 205 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. ఆ భూమిలో అధిక భాగం చుట్టుపక్కల గ్రామాల సాగుభూమి. కనుక తగిన పరిహారం కొరకు, పొలాలకు వెళ్ళే దారి కొరకు రైతులు ఆందోళన చేసినారు.