వంతెన లేని మెదడు

బిడ్డకు ఏడాది నిండినది. ఇంకను కూర్చుండుట లేదు. రెండు చేతులతో బొమ్మను పట్టుకొనుట లేదు. ఎమ్.ఆర్.ఐ. చిత్రమును చూచి వైద్యుడు, "మీ బిడ్డ మెదడులో కార్పస్ కలోసం ఏర్పడలేదు" అని చెప్పును. ఆ మాట విన్న తల్లి మొదట అడుగు ప్రశ్న తరచుగా ఒక్కటే: "ఇది నావలన జరిగినదా?"

మన మెదడు కుడి, ఎడమ అర్ధభాగములుగా నున్నది. ఆ రెంటిని కలుపుచు సుమారు 20 కోట్ల నాడీతంతువులతో కూడిన దళసరి పట్టీ యొకటి మధ్యను గలదు. ఒక ప్రక్క తెలిసిన సంగతి రెండవ ప్రక్కకు చేరుట ముఖ్యముగా ఈ వంతెన మీదుగనే. గర్భమున సుమారు 12వ వారమున మొదలై, 20వ వారమునాటికి దీనికి రూపమేర్పడును. కొందరు శిశువులలో ఇది పూర్తిగా గాని, కొంత భాగము గాని ఏర్పడదు. జన్యువులలోని మార్పులు, గర్భమున సోకిన కొన్ని అంటువ్యాధులు ఇందుకు కారణములు కావచ్చును. పెక్కుసార్లు కారణమే తేలదు. గ్రహణము పట్టినపుడు తల్లి కూర తరిగినందున ఇది రాదు. ఆ తల్లిని నిందించు బంధువులు ఈ సంగతి గ్రహింపవలెను.

"వీడు నడచునా? మాటలాడునా?" అనునది రెండవ ప్రశ్న. చిత్రమును మాత్రమే చూచి ఎవరును దీనికి బదులు చెప్పజాలరు. మెదడులో వేరు లోపములు లేనిచో, చదువుకొని తమ పనులు తాము చేసికొనువారు కలరు. వేరు లోపములున్నను, మూర్ఛలు వచ్చుచున్నను కష్టము హెచ్చు.

అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో 1951లో జన్మించిన కిమ్ పీక్‌కు ఈ వంతెన లేదు. వేలాది గ్రంథములు ఆయనకు కంఠస్థములు. చొక్కా బొత్తములు పెట్టుకొనుటకు మాత్రము తండ్రి సాయము కావలసి వచ్చెడిది. 1988లో వెలువడిన 'రెయిన్ మాన్' చలనచిత్రమునకు ఆయనయే ప్రేరణ. 2009లో ఆయన మరణించువరకు తండ్రి కనిపెట్టియే యుండెను. అట్టి జ్ఞాపకశక్తి మిక్కిలి అరుదు; మన బిడ్డనుండి దానిని ఆశింపరాదు. ఆ తండ్రి ఓర్పు మాత్రము మనకు కావలసినది.

లేని వంతెనను నిర్మించు మందు గాని, శస్త్రచికిత్స గాని లేదు. చేయవలసినది శిక్షణ, అది ఎంత త్వరగా మొదలైన అంత మేలు. బొమ్మను బిడ్డ ఎదుట నడుమ నుంచి రెండు చేతులతో అందుకొననిండు. చప్పట్లు కొట్టించుడు. కొంచెము పెరిగిన పిదప చిక్కుడుకాయల ఈనెలు తీయుట వంటి పనులు అప్పగింపుడు. అన్నము తినిపించునపుడు నిటారుగా కూర్చుండబెట్టి, చిన్న ముద్దలు పెట్టుడు. ఈ బిడ్డలలో కొందరికి నొప్పి, వేడి అంతగా తెలియవు. స్నానపు నీళ్ళు మీ చేతితో చూచి మరి పోయుడు.

మూర్ఛ వచ్చినపుడు బిడ్డను ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. నోటిలో ఏమియు పెట్టరాదు. చేతిలో తాళములు పెట్టుటవలన ప్రయోజనము లేదు. అయిదు నిమిషములలో తగ్గనిచో వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

మాటలు వచ్చిన బిడ్డతో సూటిగా మాటలాడుడు. "ఇల్లు పీకి పందిరి వేసినావురా!" అని మీరనిన, వాడు పందిరి ఎక్కడనో అని వెదకవచ్చును. అది మొండితనము కాదు. మాట వెనుకనున్న భావము వానికి త్వరగా అందదు. "బొమ్మలు బుట్టలో పెట్టు" అని ఒక్కసారి ఒక్క పని చెప్పుడు.

సికిందరాబాదులో 1984లో మనోవైకల్యము గలవారికై స్థాపింపబడిన జాతీయ సంస్థ గలదు. జిల్లా కేంద్రములలో ప్రభుత్వము నెలకొల్పిన సత్వర చికిత్సా కేంద్రములును గలవు. అచ్చట నేర్పిన దానిని ఇంటిలో ప్రతిదినము చేయించినప్పుడే ఫలితము కనబడును.

ఇది తల్లి ఒక్కతె మోయదగిన బరువు కాదు. రాత్రి మేలుకొనుట తండ్రి పంచుకొనవలెను. బామ్మ కథ చెప్పవలెను. అన్నయు అక్కయు ఆటలో చేర్చుకొనవలెను. ఈ బిడ్డ నేడు నేర్వనిది వచ్చు ఏడు నేర్వవచ్చును. ప్రక్కింటి బిడ్డతో పోల్చక, నిరుటి తనతోనే పోల్చి చూడుడు.