వీధి బాగుకు... వీధి పన్నే!

'ఇంతింత పన్ను కడుతున్నాం, మా వీధిలో లైటైనా వెలగదు'... ఏ ఊళ్లోనైనా వినిపించే మాటే ఇది. కెనడాలో, అమెరికాలో కొందరు దుకాణదారులు ఆ సణుగుడుతో సరిపెట్టుకోలేదు. 'ఇంకాస్త పన్ను మేమే కడతాం. కానీ ఆ డబ్బు మా వీధి దాటి పోకూడదు' అన్నారు. ఆ ఒక్క షరతు ఎన్నో బజార్ల దశ మార్చేసింది. కొత్త తగాదాలూ తెచ్చిపెట్టింది!

న్యూయార్క్ వెళ్లిన మనవాళ్లు టైమ్స్ స్క్వేర్‌లో ఫొటో దిగకుండా రారు. అక్కణ్నుంచి కాస్త నడిస్తే పెద్ద లైబ్రరీ వెనకాల బ్రయంట్ పార్కు కనిపిస్తుంది. పచ్చటి గడ్డి, ఎక్కడికి కావాలంటే అక్కడికి జరుపుకొని కూర్చోగల కుర్చీలు, మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెచ్చుకునే ఆఫీసు ఉద్యోగులు... అంతా కళకళలాడుతూ ఉంటుంది. 1970ల్లో మాత్రం అందులో అడుగుపెట్టాలంటే పట్టపగలే జంకేవారు. చుట్టూ పొదలు, లోపల మాదకద్రవ్యాల బేరాలు. 1980లో దాన్ని బాగుచేయడానికి ఓ సంస్థ పుట్టింది. 1988లో పార్కును మూసి, కొత్త రూపంతో 1992లో తెరిచారు. స్థలం ఇప్పటికీ నగరానిదే. నిర్వహణకు మాత్రం నగర ఖజానా నుంచి పైసా తీసుకోరు. చుట్టుపక్కల భవనాల యజమానులు కట్టే ప్రత్యేక రుసుము, అద్దెలు, స్పాన్సర్ల సొమ్ముతోనే నడుస్తుంది.

మొదలు... టొరంటోలో!

ఈ ఆలోచన పుట్టింది మాత్రం న్యూయార్క్‌లో కాదు, కెనడాలోని టొరంటోలో. అక్కడి బ్లూర్ వెస్ట్ విలేజ్ ఒకప్పుడు సందడిగా ఉండే బజారు. 1960ల్లో భూగర్భ రైలు వచ్చింది, వీధిలో ట్రామ్‌లు పోయాయి. దుకాణాల ముందు దిగే జనం నేల కింది నుంచే వెళ్లిపోవడం మొదలెట్టారు. మరోపక్క కొత్త షాపింగ్ మాల్స్ రా రమ్మని పిలిచాయి. గల్లాపెట్టెలు ఖాళీ!

వ్యాపారులు సంఘం పెట్టి చందాలు వసూలు చేశారు. మన వినాయక చవితి చందాల కథే అక్కడా జరిగింది. ఇచ్చేవాళ్లే ఇస్తారు, ఇవ్వనివాళ్లు కూడా లైట్ల వెలుగులో వ్యాపారం చేసుకుంటారు. దీనికి విరుగుడుగా, నగల దుకాణం నడిపే నీల్ మెక్‌లెల్లన్ తదితరులు ప్రభుత్వాన్ని ఓ చట్టం అడిగారు. ఆ పరిధిలోని వ్యాపారులంతా తప్పనిసరిగా కట్టాలి, నగరపాలక సంస్థే వసూలు చేయాలి, ఖర్చు మాత్రం వ్యాపారుల బోర్డు చేతిలో ఉండాలి. అలా 1970లో ప్రపంచంలోనే మొట్టమొదటి 'వ్యాపార అభివృద్ధి ప్రాంతం' ఏర్పడింది. పూలకుండీలు, బల్లలు, లైట్లు వచ్చాయి. వాటి వెనకే జనమూ వచ్చారు.

అమెరికాలో ఈ పద్ధతికి న్యూ ఆర్లియన్స్ శ్రీకారం చుట్టింది. ఇప్పుడు ఒక్క న్యూయార్క్‌లోనే ఇలాంటివి 70కి పైగా ఉన్నాయి. అక్కడ వీటిని 'బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్' అంటారు, ముద్దుగా 'బిడ్'. చీరలు, మిఠాయిల కోసం మనవాళ్లు వెళ్లే షికాగోలోని డెవాన్ అవెన్యూ కూడా అలాంటి ప్రత్యేక సేవా ప్రాంతమే. పేరు వేరు, పద్ధతి ఇంచుమించు ఒకటే. ఆస్తిపన్నుతోపాటే ఓ చిన్న అదనపు మొత్తం వసూలవుతుంది. ఆ సొమ్ము ఫుట్‌పాత్‌లు ఊడ్చడం, మంచు తొలగించడం, పండగ అలంకరణల్లాంటి పనులకు వెళుతుంది.

టైమ్స్ స్క్వేర్‌లో 1992లో బిడ్ వచ్చింది. యూనిఫాం వేసుకున్న స్వీపర్లు, ఆయుధాల్లేని గార్డులు వీధిలోకి దిగారు. ఒకప్పుడు అశ్లీల సినిమా హాళ్లకు పేరుమోసిన ప్రాంతం కుటుంబాలతో వెళ్లే చోటుగా మారింది. ఆ ఘనతంతా బిడ్‌దే అనడానికి లేదు. 42వ వీధిపై నగరం, రాష్ట్రం ఏళ్లతరబడి పనిచేశాయి, పాత థియేటర్‌ను డిస్నీ బాగుచేసి 1997లో తెరిచింది. కానీ రోజూ చీపురు పట్టింది మాత్రం బిడ్డే!

ఇంకో దారి కూడా...

బిడ్‌లో అదనంగా కడతారు. అదనంగా కట్టకుండానే డబ్బు పుట్టించే పద్ధతి మరొకటి ఉంది. దాని పేరు 'టాక్స్ ఇంక్రిమెంట్ ఫైనాన్సింగ్', పొట్టిగా 'టిఫ్'. ఓ పేట నుంచి ఏటా కోటి రూపాయల ఆస్తిపన్ను వస్తోందనుకోండి. ఆ కోటి దగ్గర గీత గీస్తారు. రోడ్లు వేసి, భవనాలు లేచి, పన్ను కోటిన్నర అయిందనుకుందాం. కోటి ఎప్పట్లాగే నగరానికీ, బడులకూ వెళ్తుంది. పైన వచ్చిన యాభై లక్షలు మాత్రం ఆ పేట ఖాతాలోకే. ఆ రాబడిని చూపించి ముందే అప్పు తెచ్చుకోవచ్చు కూడా.

కాలిఫోర్నియా 1952లోనే దీన్ని మొదలుపెట్టింది. షికాగోలో తొలి టిఫ్ 1984లో వచ్చింది. అక్కడ సాధారణ గడువు 23 ఏళ్లు! అంటే ఒకటో తరగతి పిల్లాడు చదువు ముగించి ఉద్యోగంలో చేరేదాకా పెరిగిన పన్ను అతని బడికి నేరుగా చేరదన్నమాట. అందుకే అక్కడి టీచర్ల సంఘాలు టిఫ్ మాటెత్తితే మండిపడతాయి. శిథిలమవుతున్న పేటల కోసం పుట్టిన ఈ పద్ధతిని 2019లో లింకన్ యార్డ్స్ అనే భారీ నిర్మాణానికి వాడాలని షికాగో నిర్ణయించింది. 130 కోట్ల డాలర్ల దాకా కేటాయిస్తామంది. సంపన్న పేటల పక్కనున్న స్థలానికి సాయమెందుకని పెద్ద దుమారమే రేగింది. ఆ ప్రాజెక్టు తర్వాత అనుకున్నట్టు సాగనూ లేదు.

కాలిఫోర్నియా అయితే ఇంకా ముందుకెళ్లింది. ఖజానా లోటుతో సతమతమవుతున్న గవర్నర్ జెర్రీ బ్రౌన్, ఆ డబ్బు బడులకూ స్థానిక సేవలకూ కావాలన్నారు. 2011లో చట్టం వచ్చింది. దాంతో 2012 ఫిబ్రవరి 1న దాదాపు 400 పునరభివృద్ధి సంస్థలు ఒక్కరోజే మూతపడ్డాయి.

ఓటు ఎవరిది?

బిడ్‌ల మీదా ఫిర్యాదులున్నాయి. న్యూయార్క్ రాష్ట్ర చట్టం ప్రకారం బిడ్ వద్దనుకుంటే యజమానుల్లో 51 శాతం మంది, లేదా ఆస్తి విలువలో 51 శాతం ఉన్నవారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టే! బోర్డులో మెజారిటీ ఆస్తిపరులదే. గ్రాండ్ సెంట్రల్ బిడ్‌లో ఓ నివాసి 'ఒక మనిషికి ఒక ఓటు ఉండాలి కదా' అని కోర్టుకెక్కితే, 1998లో అప్పీలు కోర్టు ఆస్తిపరుల పక్షానే తీర్పు చెప్పింది. ఈ సంస్థ పని పరిమితం, భారం మోసేది ప్రధానంగా యజమానులే అన్నది కోర్టు మాట. అదే బిడ్‌లో పనిచేసేవాళ్లు నిరాశ్రయుల్ని కొట్టి తరిమేశారన్న ఆరోపణలు 1995లో పత్రికలకెక్కాయి. వీధి శుభ్రమంటే చెత్త తీయడమా, మనుషుల్ని తీయడమా అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది.

మన దగ్గరా...

ఈ ఆలోచన మనకు పూర్తిగా కొత్తేం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పారిశ్రామికవాడలకు 'ఐలా' అనే స్థానిక సంస్థలు ఏర్పడ్డాయి. అక్కడి ఆస్తిపన్నును అవే వసూలు చేసి, 35 శాతాన్ని ఆ ఊరి స్థానిక సంస్థకు ఇచ్చి, మిగతాది ఆ వాడ రోడ్లకూ లైట్లకూ ఖర్చుపెట్టే ఏర్పాటు అది. పారిశ్రామికవాడలకు సరే, బజారు వీధులకూ ఇలాంటిది వస్తే?

ఓ మాట మర్చిపోకూడదు. పన్ను యజమాని పేరుతోనే ఉన్నా, అద్దె ఒప్పందాన్ని బట్టి ఆ భారం చాలాచోట్ల కిందున్న దుకాణందారు మీదే పడుతుంది. వీధి బాగుపడితే అద్దె పెరుగుతుంది. ఆ ఊడ్చిన ఫుట్‌పాత్‌కు డబ్బు కట్టిన టైలరే, రేపు అద్దె కట్టలేక మిషను సర్దుకోవాల్సి రావచ్చు. అందుకే ఏ ఊళ్లో ఇలాంటి పథకం పెట్టినా, బోర్డులో అద్దెకున్నవాళ్లకూ, ఫుట్‌పాత్ మీద బతికేవాళ్లకూ కుర్చీ ఉందా అని ముందే అడగాలి. బ్రయంట్ పార్కులో కుర్చీని ఎవరైనా జరుపుకోవచ్చు. బోర్డులో కుర్చీ మాత్రం అంత తేలిగ్గా జరగదు మరి!